లిస్టులో లేని డాక్టరు

పోయినవారం నాగరత్నాన్ని వానలో, ఫ్యాక్టరీ గేటు ముందు నిలబెట్టి వదిలేశాం. ఆమె అక్కడిదాకా ఎందుకొచ్చిందో కొత్తగా అందుకున్నవారికి నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళదాం.

కొత్తలంక చక్కెర ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు చెరకుని గానుగలోకి చేరవేసే క్యారియర్ మీద పనిచేసిన గున్నేశ్వరరావు ఆమె భర్త. ఈ ఏడాది, అంటే ఎనభై నాలుగు జనవరిలో, టైఫాయిడ్ ముదిరి అతని పేగుకి చిల్లు పడింది. ఫ్యాక్టరీవాళ్ళు వైద్యం కోసమని నెలనెలా జీతంలో కొంత పట్టుకుంటారు. అందుకు బదులుగా, వాళ్ళ లిస్టులో ఉన్న ఆస్పత్రిలో లిస్టులో ఉన్న డాక్టరు చూస్తే ఖర్చు ఫ్యాక్టరీదే. నాగరత్నం ఫ్యాక్టరీ ఇచ్చిన చీటీ పట్టుకుని, లిస్టులో ఉన్న రాజమండ్రి నర్సింగ్ హోంకే భర్తని తీసుకెళ్ళింది. ఆవేళ అక్కడి సర్జన్ ఊళ్ళో లేడు. కాకినాడ నుంచి వెంకటరాజు గారనే ఇంకొక సర్జన్‌ని కారు పంపి పిలిపించారు. ఆయన ప్రాణమైతే నిలబెట్టాడు గాని, పేగు అతికించే స్థితిలో లేక దాని కొసని బొడ్డు పక్కన కడుపు మీదికి తెచ్చి కుట్టాడు. మూడు నెలలు ఆగి, మళ్ళీ కోసి లోపల పెట్టి మూసెయ్యాలన్నాడు.

మే నెలలో ఆ డాక్టరు పేర విడిగా బిల్లు వచ్చింది. మూడువేల ఎనిమిది వందలు. ఆయన మా లిస్టులో లేడు, మేం కట్టం అంది ఫ్యాక్టరీ. అది కట్టేదాకా కేసు కాగితాలు ఇవ్వం, రెండో ఆపరేషన్‌కి చేర్చుకోం అంది నర్సింగ్ హోం. సర్కారు డాక్టరుకి చూపిస్తే, లోపల ఏం చేశారో కాగితం చూడకుండా కత్తి పెట్టలేనమ్మా అన్నాడాయన. మూడు నెలలనుకున్నది ఆరు నెలలైంది. కడుపు మీద గుడ్డ కట్టుకుని, పూటకి రెండుసార్లు అది మార్చుకుంటూ, వాసనకి సిగ్గుపడి గున్నేశ్వరరావు క్వార్టర్ గడప దాటడం మానేశాడు. అతని తమ్ముడు బుల్లబ్బాయి కడియం నర్సరీలో పని మానుకుని మరీ వదినగారి తరఫున తిరిగాడు. పదకొండు అర్జీలు రాశాడు. ఆఖరికి ఫ్యాక్టరీ లేబర్ ఆఫీసరు వెంకటసుబ్బారావు ఇరుపక్షాలనీ గురువారం పదకొండింటికి రమ్మన్నాడు.

సీజను అయిపోయి చాలా రోజులైంది కనక మిల్లు చప్పుడు లేదు. మొలాసిస్ మడ్డి తొట్ల దగ్గర్నుంచి పులిసిన వాసన మాత్రం వానగాలితో కలిసి టైం ఆఫీసు వెనకగదిలోకి వస్తోంది. బల్లకి ఒకవైపు నాగరత్నం, బుల్లబ్బాయి కూర్చున్నారు. రెండోవైపు నర్సింగ్ హోం మేనేజరు జోగేశ్వరరావు తడిసిన జోళ్ళు గుమ్మం బయట విడిచి వచ్చి, తోలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

వెంకటసుబ్బారావు చెడ్డవాడు కాదు. రూలులో ఉన్నది రూలులో ఉన్నట్టు చేస్తాడని, లేనిది బతిమాలినా చెయ్యడని కార్మికులకి అతనంటే ఒక రకమైన గౌరవం. ముందు జోగేశ్వరరావుని చెప్పమన్నాడు. జోగేశ్వరరావు మెత్తగానే చెప్పాడు. రోగి వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయిందని, తమ సర్జన్ కూతురి పెళ్ళికి గుంటూరు వెళ్ళాడని, ఆయన వచ్చేదాకా కూర్చుంటే మనిషి దక్కేవాడు కాదని చెప్పాడు. వెంకటరాజు గారు తమ దగ్గర జీతగాడు కాడని, ఆయన ఫీజు ఆయనదేనని, ప్రాణం పోసినందుకు తాము ఇవాళ ఇలా దోషుల్లా కూర్చోవలసి వచ్చిందని అన్నాడు.

నాగరత్నం ఈ ఆరు నెలల్లో మాట్లాడడం నేర్చుకుంది. ఆఫీసరు వైపు తిరిగి, నెమ్మదిగా అంది.

"మీరు ఏ ఆస్పత్రి రాస్తే ఆ ఆస్పత్రికే వెళ్ళామండి. లోపల కత్తి ఎవరు పట్టుకుంటున్నారో తలుపు బయట ఉన్నదానికి నాకెలా తెలుస్తుందండి? ఆయన్ని పిలిచింది నేను కాదు. పిలిచినవాళ్ళు మీ లిస్టులోవాళ్ళే."

వెంకటసుబ్బారావు రూలు పుస్తకం తెరిచి ఒక పేజీ దగ్గర వేలు పెట్టాడు. లిస్టులో ఉన్న ఆస్పత్రి తనంతట తను బయటి డాక్టరుని పిలిస్తే ఆ ఖర్చు ఆస్పత్రిదే. రోగి గాని, రోగి మనుషులు గాని ఆ ఫీజు మేమిచ్చుకుంటామని రాసిస్తే అది రోగిది. ఏ రకంగా చూసినా ఫ్యాక్టరీది కాదు. అందుకని తేలవలసింది ఒక్కటేనన్నాడు: అలాంటి కాగితం మీద ఎవరైనా సంతకం పెట్టారా?

"ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు ఒక్క కాగితం మీద పెట్టానండి," అంది నాగరత్నం. "ఏడో తరగతి దాకా చదువుకున్నాను. చదివే పెట్టాను. అందులో ఇంకో డాక్టరు మాట లేదు, డబ్బు మాట లేదు. మావారికి ఒంటిమీద తెలివే లేదు. ఇదంతా అర్జీలో రాయించి సంతకం చేశాను."

ఆఫీసరు ఆమె అర్జీ తీసి చదువుకున్నాడు. జోగేశ్వరరావు కేసి చూసి, ఈ లెక్కన ఆ ఫీజు మీరే భరించుకోవాలన్నాడు. కేసు కాగితాలు ఆపడానికి మీకు హక్కు లేదని, రెండో ఆపరేషన్‌కి చీటీ తను ఇవాళే ఇప్పిస్తానని అన్నాడు. పక్కగదిలో టైపిస్టుని కాగితం ఎక్కించమని కేక కూడా వేశాడు. నాగరత్నం చేతులు జోడించింది. ఇంటికెళ్ళి ఈ మాట భర్తకి ఎలా చెప్పాలో, అతను ముందు నమ్ముతాడో లేదో అనుకుంటూ మరిది వైపు చూసింది. బుల్లబ్బాయి నవ్వలేదు.

జోగేశ్వరరావు తోలు సంచి విప్పాడు. "ఈ కాగితం డాక్టరుగారి ఫైల్లో కాకినాడలో ఉండిపోయిందండి. మొన్న సోమవారమే ఆయన వెతికి పంపించారు," అని ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

అచ్చులో నాలుగు వరుసలున్నాయి. బయటినుంచి వచ్చే వైద్యుని రుసుము మా సొంత ఖర్చుతో చెల్లించుకుంటామని వాటి సారాంశం. కింద పూర్తిపేరుతో సంతకం ఉంది: గున్నేశ్వరరావు.

ఆఫీసరు జీతాల రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టాడు. పద్నాలుగేళ్ళుగా గున్నేశ్వరరావు 'గు. రావు' అని మాత్రమే పెడతాడు. ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా, పేర్చిన ఇటుకల్లా ఉంటాయి. కాగితం మీది సంతకం జోరుగా ఉంది. ఆఖరి అక్షరం కొమ్ము కిందికి సాగి మెలిక తిరిగింది.

"ఇది ఆయనది కాదు. తేడా కనపడుతూనే ఉంది," అన్నాడు వెంకటసుబ్బారావు.

"అయితే ఎవరో దొంగ సంతకం పెట్టి మమ్మల్ని మోసం చేసినట్టే కదండి," అన్నాడు జోగేశ్వరరావు. గొంతు ఏమీ మారలేదు. "ఇక్కణ్ణుంచి తిన్నగా పోలీసు స్టేషన్‌కి వెళతాను. ఆవేళ డ్యూటీలో ఉన్న నర్సు ఇంకా మా దగ్గరే ఉంది. సంతకం పెట్టినవాణ్ణి ఆవిడ గుర్తుపడుతుంది."

నాగరత్నం ఆ కొమ్ము మెలిక చూస్తోంది. ఆ మెలిక ఆమెకి కొత్త కాదు. పదకొండు అర్జీల్లో, పదకొండు కవర్ల మీద చూసింది. కాస్త మంచినీళ్ళు తాగి వస్తానండి అని లేచింది. బుల్లబ్బాయి ఆమె వెనకాలే వరండాలోకి వచ్చాడు.

ఆమె కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచుకుని అతని వైపు తిరిగింది. అతనే మొదలుపెట్టాడు.

"రక్తం తేవడానికి నువ్వు బయటికెళ్ళావు వదినా. డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు, ఇది పెట్టకపోతే వెళ్ళిపోతారంది నర్సు. నా పేరు పెడతానంటే రోగిదే కావాలంది. అన్నయ్య పేరే పెట్టేసెయ్, ఎవరు చూడొచ్చారని కాంపౌండరు అన్నాడు. పెట్టేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఫ్యాక్టరీయే కడుతుందనుకున్నాను. బిల్లు వచ్చాక భయమేసింది. తర్వాత మరీ గట్టిగా పోట్లాడేశాను. ఇంక ఏ మొహంతో చెప్పను?"

కాకినాడ వెళ్ళి ఆ డాక్టరుగారినే అడుగుదామని ఆమె రెండుసార్లు అంది. ఆయన్ని కదిపితే ఇంకో బిల్లు వేస్తాడని రెండుసార్లూ అతనే ఆపాడు. ఎందుకాపాడో ఇప్పుడు తెలిసింది. నాగరత్నానికి కోపం రావలసిందే గాని రాలేదు. అతని భార్య చిట్టెమ్మకి ఏడో నెల. పెద్దది ఇంకా నడవడమే నేర్చుకుంటోంది. ఆపరేషన్ జరిగిన వారం రోజులూ ఆస్పత్రి మెట్లమీద పడుకుని, అన్న ఒళ్ళు తుడిచింది ఈ మనిషే. గ్లాసులో నీళ్ళు అలాగే ఉంచి ఆమె లోపలికి నడిచింది.

ఈలోగా ఆఫీసరు తన పని తను చేశాడు. సంతకం ఎవరిదో ఆ పేరు గలవాణ్ణే అడిగి తేలుస్తానని, గున్నేశ్వరరావుని తీసుకురమ్మని అటెండరుని క్వార్టర్లకి పంపేశాడు. నాగరత్నం వద్దని బతిమాలింది. ఆయన నలుగురిలోకి రాలేరని, మీరే ఒక్కసారి ఇంటిదాకా వచ్చి అడగండని అంది. అప్పటికే ఆమె భర్త గేటు దాటి లోపలికి వస్తున్నాడు.

ఆరు నెలల తర్వాత గున్నేశ్వరరావు ఫ్యాక్టరీలో అడుగుపెట్టడం అదే మొదలు. చొక్కా మీద దుప్పటి కప్పుకుని, దాని కింద ఎడమచెయ్యి కడుపుకి ఆనించుకుని నడుస్తున్నాడు. రిపేరు షెడ్డులో ఉన్న పాతవాళ్ళు నలుగురు పలకరించబోయి, ఏమనాలో తెలియక ఊరుకున్నారు. గది లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కుర్చీలో కూర్చోమంటే వద్దండి, ఇలాగే బాగుందండి అన్నాడు.

వెంకటసుబ్బారావు కాగితం తనే తీసుకెళ్ళి చూపించాడు. ఇది నువ్వు పెట్టిన సంతకమేనా అని అడిగాడు. కాకపోతే కాదని చెప్పమని, చెబితే నీ రెండో ఆపరేషన్ ఫ్యాక్టరీ ఖర్చుతోనే అవుతుందని కూడా చెప్పాడు. తర్వాత పోలీసులు ఎవరిని పట్టుకోవాలో వాళ్ళని పట్టుకుంటారన్నాడు.

గున్నేశ్వరరావు కాగితం చూశాడు. తండ్రి పోయినప్పుడు బుల్లబ్బాయికి అయిదేళ్ళు. పలకమీద వాడిచేత అక్షరాలు దిద్దించింది ఇతనే. తల ఎత్తి తమ్ముడి మొహంలోకి ఒకసారి చూశాడు. బుల్లబ్బాయి బెంచీ మీంచి లేవబోయాడు. అన్న కళ్ళతోనే కూర్చోమన్నాడు.

"నాదేనండి," అన్నాడు గున్నేశ్వరరావు.

"నువ్వు ఎప్పుడూ ఇలా పెట్టవే?"

"నొప్పిలో ఎలా పెట్టానోనండి."

ఆఫీసరు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అర్జీ తిప్పి నాగరత్నం ముందుకి తోశాడు. భర్తకి తెలివి లేదని నువ్వు సంతకం చేసి ఇచ్చావు, నేనే పెట్టానని అతనంటున్నాడు, రెండూ నిజం కావడానికి వీల్లేదన్నాడు. అతని గొంతులో విసుగు లేదు. ఆమె చేత ఒక మాట అనిపిస్తే చాలునని ఆశపడుతున్నట్టే ఉంది.

"చెప్పమ్మా. ఆవేళ ఆయనకి తెలివి ఉందా, లేదా?"

లేదంటే మరిది జైలుకి పోతాడు. ఉందంటే ఆ మూడువేల ఎనిమిది వందలూ నెత్తినపడతాయి. డబ్బుతో పాటు రెండో ఆపరేషనూ పోతుంది. గుమ్మంలో నిలబడ్డ భర్త ఆమె వైపు చూస్తున్నాడు. ఏం చెప్పమంటున్నాడో ఆ చూపులో తెలుస్తూనే ఉంది. నాగరత్నానికి ఆ క్షణంలో భర్త మీద వచ్చినంత కోపం తన జన్మలో ఎవరిమీదా రాలేదు.

"ఉందండి," అంది.

ఇంక అక్కడ చెయ్యడానికేమీ మిగల్లేదు. వెంకటసుబ్బారావు చాలాసేపు రూలు పుస్తకం మూయకుండా కూర్చుని, చివరికి తనే ఒక కాగితం రాశాడు. అర్జీలో రాసింది నిజం కాదని, భర్త తెలివితోనే ఒప్పుకున్నాడని, ఈ విషయమై ఇకమీద ఎక్కడా ఫిర్యాదు చెయ్యనని ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. టైపిస్టు మిషన్‌లోంచి సగం కొట్టిన చీటీ తీసేశాడు. జోగేశ్వరరావు ఒప్పుదల కాగితం జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, ఈ నెలాఖరులోగా కట్టెయ్యండమ్మా, ఆపైన మా చేతుల్లో ఉండదు అని చెప్పి జోళ్ళు తొడుక్కున్నాడు.

ముగ్గురూ వానలో క్వార్టర్‌కి నడిచారు. గొడుగు ఒక్కటే. అది గున్నేశ్వరరావు మీద పట్టుకుని బుల్లబ్బాయి తడుస్తూ వచ్చాడు. ఇంటికొచ్చాక నాగరత్నం వేడినీళ్ళు పెట్టి, భర్త కడుపు మీది గుడ్డ విప్పి శుభ్రం చేసింది. పుండు చుట్టూ చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాస్తుంటే గున్నేశ్వరరావు పైకప్పు కేసి చూస్తూ అన్నాడు.

"వాడి చేతిలో కాగితం పెట్టారు, పెట్టాడు. నాకు తెలివుంటే నేనూ పెట్టేవాణ్ణే. నేనిలాగే ఉంటాన్లే రత్నం. అలవాటైపోయింది."

ఆమె కొత్త గుడ్డ కట్టింది. అలవాటు కాలేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు తెల్లవారి బుల్లబ్బాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాకినాడ వెళ్ళి ఆ డాక్టరుగారి కాళ్ళు పట్టుకుంటానన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను, ఫీజు తగ్గించమని అడుగుతాను, అదీ కుదరకపోతే లోపల ఏం చేశారో ఒక ముక్క రాసిమ్మంటాను అన్నాడు. ఆయన కుట్టిన పేగే కాబట్టి ఆయన రాసిచ్చిన కాగితం సర్కారు డాక్టరు కాదనడు కదా. నాగరత్నానికి దానిమీద పెద్ద ఆశ లేదు. అయినా అత్తగారు రత్నమాణిక్యాన్ని భర్త దగ్గర ఉంచి, బిల్లు రవికలో దోపుకుని మరిదితో బస్సెక్కింది.

బిల్లు మీదున్న అడ్రసు ప్రకారం వెతుక్కుంటూ వెళితే ఇల్లు దొరికింది. గేటుకి డాక్టరుగారి పేరు చెక్కిన బోర్డు ఉంది. లోపలినుంచి అరవై ఏళ్ళ ఆవిడ వచ్చి, ఎవరు కావాలమ్మా అని అడిగింది. వెంకటరాజు గారి భార్యనని, పేరు అన్నపూర్ణమ్మ అని చెప్పింది. డాక్టరుగారి కోసం వచ్చామని బుల్లబ్బాయి చేతులు కట్టుకుని చెప్పాడు. ఆవిడ వాళ్ళిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి, ఏ ఊరు, ఏం కేసు అని అడిగింది. నాగరత్నం చెప్పింది.

"రాజమండ్రిలో, జనవరిలో. చక్కెర ఫ్యాక్టరీ ఆయన," అంది అన్నపూర్ణమ్మ. "గుర్తుందమ్మా. పేగు చాలా పాడైపోయిందని, నిలబడతాడో లేదోనని ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. ఆయన బతికాడా?"

"బతికే ఉన్నారండి."

"మంచిది. మావారే లేరు. శివరాత్రి వెళ్ళిన మూడోనాడు గుండె ఆగిపోయింది."

బుల్లబ్బాయి గోడకి చేరబడ్డాడు. ఆయన రాసిచ్చే కాగితం మీద పెట్టుకున్న ఆ కాస్త ఆశ కూడా పోయింది. నాగరత్నం మాత్రం కదల్లేదు. శివరాత్రి అంటే ఫిబ్రవరి నెలాఖరు. మొన్న సోమవారం ఆయనే వెతికి కాగితం పంపించాడని జోగేశ్వరరావు అన్న మాట ఆమె చెవిలో ఉంది. ఆమె రవికలోంచి బిల్లు తీసి, మడత విప్పి, ఆవిడ చేతికిచ్చింది.

అన్నపూర్ణమ్మ లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. మే నెల పన్నెండో తారీకు అని పైకి చదివింది. కింద సంతకం దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇది మావారి చెయ్యి కాదమ్మా," అంది. "ఆ ఫీజు నర్సింగ్ హోం వాళ్ళు ఆవేళే కవర్లో పెట్టి ఇచ్చేశారు. మావారు తెచ్చి నా చేతిలోనే పెట్టారు. ఆరువందలు. మళ్ళీ ఇదేంటి?"

వాన తగ్గి ఎండ కాస్త బయటికి వచ్చింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అన్నపూర్ణమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, నాగరత్నం మొహంలోకి చూస్తూ అడిగింది.

"దీనిమీద మీరు ఎక్కడైనా అర్జీ పెట్టుకున్నారా?"

"పెట్టానండి," అంది నాగరత్నం. "నిన్న మధ్యాహ్నమే అది అబద్ధమని రాసిచ్చేశాను."